బ్రాకెట్ మారితే జవాబు మారుతోందా? రెండుకు మించి ఇన్‌పుట్లున్నప్పుడు సహచర ధర్మం

సమస్య: ముక్కలుగా లెక్కిస్తే ఒక జవాబు, ఒకేసారి లెక్కిస్తే ఇంకో జవాబు.

బెంగళూరులో మారతహళ్లి నుంచి సిల్క్ బోర్డ్‌కి క్యాబ్ ట్రిప్పుల సగటు కావాలనుకోండి. ఒక సర్వర్లో 40, 50, 60 నిమిషాలు, ఇంకోదాన్లో 90. సగటుల సగటు తీస్తే 70 వస్తుంది, అసలు సగటు 60.

కారణం: సగటుకు సహచర ధర్మం (బ్రాకెట్ ఎక్కడ పెట్టినా జవాబు మారకపోవడం) లేదు.

పరిష్కారం: సగటు బదులు మొత్తాన్నీ ట్రిప్పుల సంఖ్యనూ జతగా పంపండి. (150, 3), (90, 1) కలిపితే (240, 4). భాగహారం చివర్లో ఒక్కసారే.

సమస్య: మూడు ఇన్‌పుట్ల ఫంక్షన్ టెస్టులన్నీ పాసైంది, లైవ్‌లోకి వెళ్లాక జవాబులు తేడా కొడుతున్నాయి.

కారణం: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. రెండు ఇన్‌పుట్లైతే బ్రాకెట్‌కి రెండే చోట్లు. మూడైతే, ఐదు విలువల మీద ఫంక్షన్‌ని రెండుసార్లు వాడాలి కాబట్టి, లోపలి బ్రాకెట్‌కి చోట్లూ మూడు: [[క చ ట] త ప], [క [చ ట త] ప], [క చ [ట త ప]]. మొదటిదీ చివరిదీ సరిపోగానే మధ్యదాన్ని వదిలేస్తారు.

[క చ ట] అంటే క + 2చ + ట అనుకుందాం. అన్నిటికీ 1 పెట్టండి. లోపలి బ్రాకెట్ విలువ 4. అది మొదట ఉంటే 4 + 2 + 1 = 7. చివర ఉంటే 1 + 2 + 4, అదీ 7. మధ్యలో ఉంటే 1 + 8 + 1 = 10!

పరిష్కారం: మూడు చోట్లా సరిచూడండి, అదీ వేర్వేరు సంఖ్యలతో. ఆ 2 స్థానంలో గ రాస్తే, బ్రాకెట్ మధ్యలో ఉన్నప్పుడు ట ముందు గ × గ వస్తుంది, మిగతా రెండిట్లో ట ఒక్కటే. అంటే గ విలువ 1 గానీ −1 గానీ కావాలి. కాబట్టి క − చ + ట నిక్షేపంగా పనిచేస్తుంది. తీసివేత ఉంది కదా అని టెన్షన్ పడక్కర్లేదు. నాలుగు ఇన్‌పుట్లైతే నాలుగు చోట్లూ చూడాల్సిందే.

సమస్య: మూడు ఇన్‌పుట్ల ఫంక్షన్‌కి ఆరు విలువలిస్తే చివర రెండు మిగిలిపోతున్నాయి.

కారణం: ప్రతిసారీ మూడు పోయి ఒకటి వస్తుంది. అందుకే 3, 5, 7 ఇలా బేసి లెక్కే కుదురుతుంది.

పరిష్కారం: మామూలు కూడికైతే ఒక 0 చేర్చండి. బేసి సంఖ్యల మీద మాత్రమే నడిచే ఫంక్షనైతే అందులో 0కి చోటు లేదు. మూడు బేసి సంఖ్యల మొత్తం బేసే, రెండిటి మొత్తం సరి సంఖ్య. అప్పుడు పూర్ణసంఖ్యలన్నిటినీ అనుమతించి రెండేసి చొప్పున కూడండి. ఇలాంటి బహు ఇన్‌పుట్ల సమూహం (గ్రూప్: సహచర ధర్మం ఉండి, జవాబు నుంచి ఏ ఇన్‌పుట్‌నైనా వెనక్కి రాబట్టగలిగే అమరిక) ఏదైనా ఒక మామూలు, రెండు ఇన్‌పుట్ల సమూహంలో ఇమిడిపోతుందని గణిత శాస్త్రవేత్త ఎమిల్ పోస్ట్ 1940లో నిరూపించాడు. ఆరు బేసి సంఖ్యలకు సరి సంఖ్య జవాబుగా వస్తే అది బగ్ కాదు.