కారు హెడ్‌లైట్ల ఎత్తును ఇంటి వద్దే సరిచేసుకునే విధానం

ఎదురుగా వచ్చే కారు డిమ్‌లోనే ఉన్నా కళ్లు చెదిరేంత వెలుతురు మీద పడుతోందంటే, దాని హెడ్‌లైట్లు ఉండవలసిన ఎత్తు కంటే పైకి తిరిగి ఉండవచ్చు. బంపరు మరమ్మతు జరిగినప్పుడు, బల్బు మార్చినప్పుడు అది సరిగ్గా కూర్చోకపోతే, వెనుక స్ప్రింగులు కుంగినప్పుడు ఇలా జరుగుతుంది. మధ్యలో డివైడరు లేని మన జిల్లా రోడ్ల మీద ఈ లోపానికి ముందుగా బలయ్యేది ఎదురుగా వచ్చే ద్విచక్ర వాహనదారులే కాబట్టి, దీన్ని వాయిదా వేయకూడదు. చదునైన నేల, ఒక గోడ, కొలత టేపు, మాస్కింగ్ టేపు, స్టార్ స్క్రూడ్రైవరు ఉంటే ఈ పని ఇంట్లోనే చేసుకోవచ్చు.

ముందుగా కారును సిద్ధం చేయాలి. నాలుగు టైర్లలో కంపెనీ సూచించినంత గాలి ఉండాలి, డిక్కీలో సామాను తీసివేయాలి, డ్రైవరు సీటులో ఒక మనిషి కూర్చోవాలి. స్టీరింగు పక్కన 0 నుంచి 3 వరకు అంకెలున్న లెవెలింగ్ స్విచ్ (అంకె పెరిగేకొద్దీ లైట్లను కిందికి వంచేది) మీ కారులో ఉంటే దాన్ని 0 వద్ద పెట్టాలి. చాలామంది దీన్ని మరచిపోయి, స్విచ్ 2 మీద ఉండగానే స్క్రూ తిప్పి లైట్లను పైకి ఎత్తుతారు. ఆ తరువాత ఎవరైనా దాన్ని 0కి మారిస్తే వెలుతురు ఎదుటివారి కళ్లలోకి వెళుతుంది.

అపార్ట్‌మెంటు సెల్లార్ పగలు కూడా చీకటిగా ఉంటుంది కనుక ఈ పనికి అనువైనది. అయితే నీళ్లు పోవడానికి అక్కడి నేలకు వాలు పెడతారు. కారు నిలిచిన చోటు నుంచి గోడ మొదలు వరకు నేల ఒకే తలంలో ఉంటే స్వల్పమైన వాలు వల్ల పెద్ద ఇబ్బంది లేదు. మధ్యలో వాలు మారితేనే కొలత తప్పుతుంది. అనుమానముంటే నేల మీద ఒక దారాన్ని బిగుతుగా లాగి చూడండి.

కారును గోడకు దాదాపు తాకేంత దగ్గరగా, ముందు భాగం గోడకు ఎదురుగా ఉండేలా తిన్నగా నిలపండి. చాలా హెడ్‌లైట్ల అద్దం మీద కేంద్రాన్ని సూచించే చిన్న చుక్క ఉంటుంది. రెండు లైట్ల కేంద్రాలకు ఎదురుగా గోడ మీద గుర్తులు పెట్టి, వాటి మీదుగా ఒక అడ్డ గీతను, రెండు నిలువు గీతలను మాస్కింగ్ టేపుతో అంటించండి. తరువాత స్టీరింగు తిప్పకుండా నేరుగా వెనక్కి వచ్చి, హెడ్‌లైట్ అద్దానికీ గోడకూ మధ్య సరిగ్గా 5 మీటర్ల దూరం ఉండేలా ఆపండి.

వెలుతురు ఎంత కిందికి వంగి ఉండాలో లైటు డబ్బా మీదో, బానెట్ లోపలి స్టిక్కరు మీదో 1.0 శాతం, 1.2 శాతం వంటి అంకె రూపంలో ఉంటుంది. 1 శాతం అంటే 10 మీటర్ల దూరానికి 10 సెంటీమీటర్లు, అంటే మన 5 మీటర్లకు 5 సెంటీమీటర్లు. అడ్డ గీతకు అంత కిందుగా రెండో గీత అంటించండి. ఇక పనంతా ఈ గీత ఆధారంగానే సాగుతుంది. సెంటీమీటర్ల తేడాయే కదా అని తేలికగా తీసుకోవద్దు. నేల నుంచి 65 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్న లైటు 1 శాతం వంపుతో 65 మీటర్ల దూరం వరకు రోడ్డును చూపిస్తుంది. గోడ మీద మరో 5 సెంటీమీటర్లు దించితే ఆ దూరం సగమవుతుంది, గంటకు 60 కిలోమీటర్ల వేగంలో దాన్ని సుమారు 2 సెకన్లలో దాటేస్తాం. ఎదుటివారి మీద గౌరవంతోనైనా సరే, లైట్లను మరీ దించడం కూడా ప్రమాదమే.

ఇప్పుడు లో బీమ్ (డిమ్) వేయండి. సెల్లార్‌లో ఇంజను నడుస్తుంటే పొగ పేరుకుంటుంది, ఆపి ఉంచితే బ్యాటరీ దిగుతుంది. అందువల్ల చూసేటప్పుడు మాత్రమే లైట్లు వేయడం మంచిది. గోడ మీద వెలుతురు పైఅంచు కుడివైపు అడ్డంగా సాగి, లైటు కేంద్రం దగ్గర మలుపు తిరిగి, ఎడమవైపు పైకి లేస్తుంది. మనం ఎడమవైపు నడుపుతాం కనుక రోడ్డు అంచునున్న పాదచారులు కనబడాలనే ఈ ఏర్పాటు. అమెరికాలో ఉండే తెలుగువారి కార్లలో ఇది కుడివైపు లేస్తుంది.

ఏదైనా తిప్పే ముందు ప్రస్తుత అంచు ఎక్కడుందో టేపు ముక్కతో గుర్తు పెట్టుకోండి. ఒక లైటుకు అట్టముక్క అడ్డుపెట్టి రెండోదాన్ని సరిచేయాలి. వేడికి అద్దం పాడవుతుంది కనుక దాని మీద గుడ్డ కప్పి వదిలేయవద్దు. బానెట్ ఎత్తితే లైటు వెనుక తెల్లని ప్లాస్టిక్ పళ్లచక్రమో, స్క్రూ తలో కనిపిస్తుంది. సాధారణంగా ఒకటి ఎత్తుకు, మరొకటి పక్కలకు ఉంటాయి. మీ కారులో ఏది దేనికో యజమాని పుస్తకంలో చూసుకోండి. పావు చుట్టు తిప్పి గోడ చూస్తూ, అడ్డంగా ఉన్న అంచు రెండో గీత మీదికీ, మలుపు నిలువు గీత మీదికీ వచ్చేవరకు సరిచేయండి. హెచ్4 బల్బు ఉన్న లైట్లలో రెండు బీములూ ఒకే బల్బువి కనుక, లో బీమ్ కుదిరితే హై బీమ్ విడిగా చూడనక్కర్లేదు.

గోడ మీద అంచు స్పష్టంగా రాకుండా వెలుతురు చెల్లాచెదురైతే స్క్రూలు తిప్పి ప్రయోజనం లేదు. బల్బు చెవులన్నీ గాడిలో కూర్చున్నాయో లేదో చూడండి. హాలోజన్ బల్బు కోసం చేసిన రిఫ్లెక్టరులో (వెలుతురును ముందుకు మళ్లించే మెరిసే గిన్నెలో) బయట కొన్న ఎల్‌ఈడీ బల్బు పెట్టి ఉంటే, దాన్ని తీసి పాత రకం వేయడమే నా సలహా. లైటు పట్టీ విరిగి ఊగుతున్నా, ఎత్తును తానే మార్చుకునే ఆటోమేటిక్ వ్యవస్థ ఉన్నా సర్వీసు కేంద్రానికి తీసుకువెళ్లండి.

ఆ తరువాత వెనుక సీటు నిండా మనుషులతో, డిక్కీ నిండా సామానుతో బయలుదేరినప్పుడు కారు వెనుక భాగం కుంగి లైట్లు పైకి లేస్తాయి. అప్పుడు స్క్రూల జోలికి వెళ్లకుండా లెవెలింగ్ స్విచ్‌ను బరువుకు తగ్గ అంకె మీద పెట్టి, సామాను దించాక తిరిగి 0కి తీసుకురావాలి.