తప్పు జవాబును పారేయకండి: తొలి క్వాంటం లెక్కల్లో చిక్కులు

క్వాంటం యాంత్రికశాస్త్రం కొత్తగా చదివేవారికి లెక్క తప్పగానే ఒక సాకు సిద్ధంగా ఉంటుంది: ఇది బుద్ధికి అందని శాస్త్రం కదా అని. జవాబు పత్రాలు దిద్దేవాడిగా నాకు ఆ సాకు మీద నమ్మకం లేదు. తప్పుల్లో ఎక్కువ భాగం మామూలు పొరపాట్లే. పైగా ఎక్కడ జారామో తప్పు జవాబే చెబుతుంది. దాన్ని కొట్టేసే ముందు సరైన జవాబుతో పోల్చి, ఎన్ని రెట్లు తేడా ఉందో చూడండి.

శక్తి దాదాపు 39 రెట్లు తేడాగా వస్తోంది

1 నానోమీటరు వెడల్పున్న పెట్టెలో బందీ అయిన ఎలక్ట్రాన్ కనిష్ఠ శక్తి 0.376 ఎలక్ట్రాన్ వోల్టులు. మీకు 0.0095 వచ్చినా, 14.8 వచ్చినా దోషి ఒకరే. ప్లాంక్ స్థిరాంకం హెచ్ ఉండాల్సిన చోట హెచ్‌బార్ (హెచ్‌ను 2పైతో భాగిస్తే వచ్చేది) వేశారు, లేదా హెచ్‌బార్ ఉండాల్సిన చోట హెచ్ వేశారు. రెంటి మధ్య తేడా 2పై రెట్లు. సూత్రంలో వర్గం ఉంది కనుక అది 39.5 రెట్లయింది. ఏదో ఒక రూపం ఎంచుకుని లెక్క చివరిదాకా దానితోనే ఉండండి.

ఎలక్ట్రాన్ తరంగదైర్ఘ్యం వంద రెట్లు పెద్దదిగా వస్తోంది

100 వోల్టులతో త్వరణం పొందిన ఎలక్ట్రాన్‌కు 12.4 నానోమీటర్లు వచ్చిందంటే మీరు ఫోటాన్ సూత్రం వాడారు. ఎలక్ట్రాన్‌కు ద్రవ్యరాశి ఉంది. ముందు గతిశక్తి నుంచి ద్రవ్యవేగం కట్టి, దానితో హెచ్‌ను భాగించండి: 0.123 నానోమీటర్లు వస్తుంది. 1927లో భౌతిక శాస్త్రవేత్తలు డేవిసన్, జెర్మర్ 54 వోల్టుల ఎలక్ట్రాన్లను నికెల్ స్ఫటికం మీదికి పంపి వివర్తనం చూడగలిగారంటే, ఆ తరంగదైర్ఘ్యం పరమాణువుల మధ్య ఎడానికి దరిదాపుల్లో ఉండబట్టే.

సంభావ్యత సంకీర్ణ సంఖ్యగా వస్తోంది, లేదా 1 దాటుతోంది

మొదటిదానికి కారణం తరంగ ప్రమేయాన్ని (కణం స్థితిని వర్ణించే ప్రమేయాన్ని) దానితోనే గుణించడం. గుణించాల్సింది దాని సంకీర్ణ సంయుగ్మంతో. రెండోదానికి కారణం నార్మలైజేషన్, అంటే మొత్తం సంభావ్యత 1 అయ్యేలా ప్రమేయాన్ని సరిచేయడం, మరచిపోవడం. అయితే సంభావ్యతా సాంద్రత ఏదో ఒక చోట 1 దాటితే కంగారు వద్దు. 1 కావాల్సింది మొత్తం సమాకలనం మాత్రమే.

కణం ఎప్పుడూ కనబడని చోటే దాని సగటు స్థానం వచ్చింది

పెట్టెలో రెండో శక్తి స్థాయికి సాంద్రత సరిగ్గా మధ్యలో సున్నా. సగటు స్థానం కూడా సరిగ్గా మధ్యలోనే! ఇది తప్పు కాదు, దిద్దకండి. పాచికను ఎన్నిసార్లు వేసినా సగటు 3.5 దగ్గరికి వస్తుంది, కానీ ఏ ముఖం మీదా 3.5 చుక్కలు ఉండవు.

తరంగం కదలడం లేదు

అన్నిటికంటే ఎక్కువగా నాకు ఎదురయ్యే తప్పు ఇదే. మొదటి, రెండో స్థాయిలను సమపాళ్లలో కలిపి, కాలంతో ఏమవుతుందో చెప్పమంటారు. విద్యార్థి సగటు శక్తి కడతాడు: మొదటి స్థాయి శక్తికి 2.5 రెట్లు. అంతవరకూ సరే. ఆ సగటునే ఘాతంలో పెట్టి మొత్తం ప్రమేయానికి ఒకే దశను (కాలంతో మారే సంకీర్ణ గుణకాన్ని) తగిలిస్తాడు. సంయుగ్మంతో గుణించగానే ఆ దశ కాస్తా మాయమవుతుంది, చిత్రం శిలలా నిలబడిపోతుంది.

ఏ స్థాయి దశ ఆ స్థాయిదే. విడివిడిగా తగిలించి గుణిస్తే మధ్యలో ఒక కొసైన్ పదం మిగులుతుంది. దాని లయను నిర్ణయించేది శక్తుల తేడా, సగటు కాదు. పై పెట్టెలో ఆ తేడా 1.13 ఎలక్ట్రాన్ వోల్టులు, ఆవర్తన కాలం సుమారు 3.7 ఫెమ్టోసెకన్లు. మొదట్లో రెండు ప్రమేయాలూ ఎడమ సగంలో ఒకదాన్నొకటి బలపరుస్తాయి, కుడి సగంలో ఒకదాన్నొకటి తగ్గిస్తాయి. కనుక సాంద్రత ఎడమకు మొగ్గుతుంది. సగం ఆవర్తనానికి రెండోదాని గుర్తు తారుమారై కుడికి మొగ్గుతుంది. ఈ ఊగిసలాటలో సగటు శక్తి మాత్రం మారదు. శక్తిని కొలిస్తే దొరికేది మొదటి స్థాయిది, లేదా దానికి నాలుగు రెట్లు; 2.5 రెట్లు ఎన్నడూ దొరకదు.

అనిశ్చితుల లబ్ధం సున్నా వచ్చింది

సగటు ద్రవ్యవేగం సున్నా కాబట్టి దాని అనిశ్చితి కూడా సున్నా అనుకున్నారు. అనిశ్చితికి కావాల్సింది వర్గాల సగటు నుంచి సగటు యొక్క వర్గాన్ని తీసివేసి, వర్గమూలం తీయడం. కనిష్ఠ స్థాయిలో స్థానానికి పెట్టె వెడల్పులో 0.181 వంతు, లబ్ధానికి 0.568 హెచ్‌బార్ వస్తాయి. 0.5 కంటే తక్కువ వస్తే ఎక్కడో తప్పు చేసినట్టే. కొలిచే పరికరాన్ని నిందించనక్కర్లేదు. ఈ విస్తరణ స్థితిలోనే ఉంది.

స్థానం ఎక్స్, ద్రవ్యవేగం పిల క్రమం మార్చి తీసివేస్తే సున్నా వస్తోంది

ఆపరేటర్లను, అంటే ప్రమేయం మీద చేసే చర్యలను, మామూలు సంఖ్యల్లా చూశారు. ఎక్స్ అంటే ఎక్స్‌తో గుణించడం, పి అంటే అవకలనం చేసి మైనస్ ఐ హెచ్‌బార్‌తో గుణించడం. కుడి పక్కన ఒక ప్రమేయం పెట్టి మళ్లీ చేయండి, ఉదాహరణకు ఎక్స్ వర్గం. ముందు అవకలనం చేసి తరువాత ఎక్స్‌తో గుణిస్తే 2 ఎక్స్ వర్గం. ముందు గుణించి తరువాత అవకలనం చేస్తే 3 ఎక్స్ వర్గం. మధ్యలో తేలిన ఆ ఒక్క ఎక్స్ వర్గమే, పి లోని గుణకంతో కలిసి, ఐ హెచ్‌బార్‌గా బయటపడుతుంది.