మెగ్నీషియం దిమ్మతో నిప్పు రాజేసేటప్పుడు

హైదరాబాదు నుంచి సెలవు రోజుల్లో అనంతగిరి గుట్టల వైపు ట్రెక్కింగుకు వెళ్లేవారి సంచుల్లో మెగ్నీషియం దిమ్మ (గీకి తురుము తీసి నిప్పు రాజేసే చిన్న లోహపు ముక్క) కనిపిస్తూనే ఉంటుంది గానీ, దానిని ముందుగా ఇంటి దగ్గర ఒక్కసారైనా వెలిగించి చూసినవారు నా ఎరుకలో తక్కువ.

దిమ్మను కత్తి పదునుతో కాకుండా వెనుక అంచుతో గీకి, కనీసం రూపాయి బిళ్ల వెడల్పున కుప్ప అయ్యేంత తురుము తీయాలి. చిటికెడుతో సరిపెట్టుకుంటే అది క్షణాల్లో కాలిపోయి, కింద ఉన్నదేదీ అంటుకోదు. ఈ తురుము చిన్న గాలికే ఎగిరిపోతుంది కనుక, దానిని నేల మీద కాక, గుల్లగా విడదీసిన ఎండు కొబ్బరి పీచు నడుమ రాల్చడం మేలు. తరువాత దిమ్మ అంచున ఉన్న, గీస్తే నిప్పురవ్వలు రాల్చే ఫెర్రోసీరియం అనే మిశ్రలోహపు కడ్డీపై నల్లని పూతను గీకివేసి, కత్తిని కుప్పకు దగ్గరగా కదలకుండా పట్టుకొని, కడ్డీనే వెనక్కి లాగాలి. కత్తిని ముందుకు తోస్తే అంతసేపటి శ్రమ ఒక్క తోపుతో చెల్లాచెదురవుతుంది (నాకు రెండుసార్లు అయింది).

మెగ్నీషియం మంట సుమారు 3,100 డిగ్రీల సెల్సియస్ వేడిని చేరగలదు. ఆ తెల్లని వెలుగును తేరిపార చూడకూడదు. మండుతున్న తురుముపై నీళ్లు చల్లితే హైడ్రోజన్ పుట్టి మంట మరింత ఎగసిపడుతుంది కాబట్టి, పొడి ఇసుకతోనే కప్పాలి. సాధనను డాబా మీద, ఇసుక పరచిన పాత ఇనుప బాణలిలో చేయండి. రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం నేరం.