లిస్ట్ కాంప్రిహెన్షన్‌లో రెండు ఫర్‌లు: సంఖ్య సరిపోయినా మొత్తం తప్పితే

పైథాన్‌లో కొత్త లిస్టును ఒకే లైన్లో తయారుచేసే పద్ధతే లిస్ట్ కాంప్రిహెన్షన్. అందులో ఒకే బ్రాకెట్‌లో రెండు ఫర్‌లు రాసి, ఫలితం తేడాగా వస్తే చాలామంది ముందు డేటాను అనుమానిస్తారు. గుంటూరు బ్రాడీపేటలో నా దగ్గరికి వచ్చే పిల్లలూ అంతే. ఎక్సెల్ ఫైలు మళ్లీ తెరుస్తారు, కామాలు వెతుకుతారు. దయచేసి ముందు ఫర్‌ల వరస చూడండి. అర నిమిషం పని.

మిర్చి యార్డు లెక్కతోనే చెప్తాను. ముగ్గురు రైతులు, తలా రెండు టిక్కీలు (మిర్చి బస్తాలు), తూకాలు కిలోల్లో. ఒక్కో రైతు సరుకు ఒక లాట్. (ఫర్, ఇన్ లాంటివి మీరు ఎప్పటిలాగే టైపు చేసుకోండి.)

లాట్లు = [[41, 43], [40, 44], [42, 45]]

తూకాలన్నీ ఒకే లిస్టులోకి రావాలి.

సమస్య: నేమ్ ఎర్రర్. 'లాట్' ఎవరో తెలియదంటోంది.

మీరు రాసింది ఇదై ఉంటుంది:

[టిక్కీ ఫర్ టిక్కీ ఇన్ లాట్ ఫర్ లాట్ ఇన్ లాట్లు]

పైథాన్ ఫర్‌లను ఎడమ నుంచి కుడికి తీసుకుంటుంది. మొదటిది బయటి లూపు, చివరిది లోపలి లూపు. 2000లో పైథాన్ 2.0తో ఈ సౌకర్యం వచ్చినప్పటి నుంచీ ఇదే పద్ధతి. లాట్ అంటే ఏమిటో చెప్పకముందే అందులోంచి టిక్కీ తియ్యమంటే ఎలా తీస్తుంది? ఇలా మార్చండి:

[టిక్కీ ఫర్ లాట్ ఇన్ లాట్లు ఫర్ టిక్కీ ఇన్ లాట్]

మామూలు లూపులు పై నుంచి కిందికి ఏ వరసలో రాస్తారో ఇక్కడా అదే వరస. కావాల్సిన విలువ ఒక్కటే ముందుకొస్తుంది. ఇఫ్ పెడితే, అది చూసే పేరు పుట్టిన ఫర్ తర్వాతే పెట్టాలి.

ఎర్రర్ వచ్చిందంటే మీ అదృష్టం బాగుంది.

సమస్య: ఎర్రర్ లేదు, సంఖ్య సరిపోయింది, మొత్తం మాత్రం తప్పు.

ఇదే నన్ను బాగా ఏడిపించింది. జూపిటర్ నోట్‌బుక్‌లో (కోడును ముక్కలు ముక్కలుగా నడుపుకునే చోటు) పైన ఎక్కడో 'ఫర్ లాట్ ఇన్ లాట్లు' అని మామూలు లూపు వేసి, ప్రింట్ చేసి చూసుంటారు. లూపు అయిపోయినా లాట్ అనే పేరు పోదు. చివరి విలువ [42, 45] పట్టుకుని అక్కడే ఉంటుంది. కింద తప్పు వరసలో కాంప్రిహెన్షన్ రాస్తే, మొదటి ఫర్‌కి కావాల్సిన లాట్‌ను పైథాన్ బయట వెతుకుతుంది, ఆ పాతది దొరుకుతుంది. ఫలితం చూడండి:

[42, 42, 42, 45, 45, 45]

లెన్ (లిస్టులో ఎన్ని ఉన్నాయో చెప్పేది) వేస్తే 6. ఆరు టిక్కీలు, ఆరు తూకాలు. మొత్తం 255 రావాల్సింది 261 వస్తుంది. ఆరు కిలోల తేడాకు ఎవరైనా కాటానే అనుమానిస్తారు. ఒక కొట్టు లెక్కల్లో నేనూ అదే చేశాను. చివరికి కాటా చీటీలు ఒక్కొక్కటే పక్కన పెట్టుకుని టిక్ కొడుతూ వస్తే, ఆఖరి రైతు తూకాలే అందరి పేరు మీదా ఉన్నాయి. రాత్రి రెండయింది.

అందుకే లెన్ చూసి వదిలెయ్యకండి. ఒకే అంకె వరసగా పక్కపక్కన కనిపిస్తోందా చూడండి. తర్వాత కెర్నల్ (నోట్‌బుక్ వెనక కోడు నడిపేది) రీస్టార్ట్ చేసి, పైన ఉన్న లూపు వదిలేసి, లాట్లు లిస్టు, ఆ కాంప్రిహెన్షన్ మాత్రమే నడపండి. నేమ్ ఎర్రర్ వచ్చిందా, దొంగ దొరికాడు. రీస్టార్ట్‌తో ఆగిపోకుండా వరస కూడా మార్చండి. మామూలు స్క్రిప్టులోనూ, పైన అదే పేరుతో లూపు ఉంటే ఇదే జరుగుతుంది.

అసలు ఈ తప్పు ఎక్కడ పుడుతుందో చెప్పనా? గోనె బరువు కిలో తీసేసి, లాట్లు విడివిడిగానే ఉంచాలంటే ఇలా రాస్తాం:

[[టిక్కీ - 1 ఫర్ టిక్కీ ఇన్ లాట్] ఫర్ లాట్ ఇన్ లాట్లు]

ఇది సరైనదే. లోపలి బ్రాకెట్ మొత్తం ఒక విలువ, కాబట్టి బయటి ఫర్ కుడి పక్కన ఉంది. తర్వాత ఒకే లిస్టు కావాలని లోపలి బ్రాకెట్లు చెరిపేసి, మిగతాది అలాగే ఉంచేస్తారు. బ్రాకెట్ తీస్తే ఫర్‌ల వరస కూడా తిప్పాలి.

అరుదుగా వచ్చేవి

తూకాల బదులు అక్షరాలు విడిపోయి వస్తే, లిస్టు ఉండాల్సిన చోట స్ట్రింగ్ ఉంది. 'మిర్చి' ఆరు ముక్కలవుతుంది. మొదటి లాట్‌కే విలువలు వచ్చి ఆగిపోతే, లోపలి లూపులో మ్యాప్‌నో జిప్‌నో పెట్టారు, అది ఒక్కసారికే ఖాళీ అవుతుంది. ముందే లిస్టుగా మార్చుకోండి.