సీసాలో మట్టం తగ్గిందని వెంటనే 70 శాతం పోసేయకండి

మ్యూజియంలో సముద్రపు పురుగులు, పీతలు, సముద్ర దోసకాయలు (దోసకాయలా ఉండే మెత్తటి సముద్ర జీవులు) ఉన్న సీసాలు చూసుకునేవాళ్లకి ఒక మాట. మట్టం తగ్గితే 70 శాతం ఇథనాల్, అంటే నమూనా పాడవకుండా ఉంచే ఆల్కహాల్, తెచ్చి నింపేస్తుంటాం. నేనూ చాలాకాలం అదే చేశాను. చిక్కేమిటంటే, ఆవిరయ్యేటప్పుడు నీటికంటే ఆల్కహాల్ ఎక్కువ పోతుంది. మిగిలిన ద్రవం ఏ 55కో, 50కో దిగిపోయి ఉంటుంది. దానిమీద మళ్లీ 70 పోస్తే అది 70కి చేరదు. పైకి సీసా నిండుగానే కనిపిస్తుంది, లోపల నమూనా మెల్లగా మెత్తబడుతుంది.

అందుకే ముందు ఆల్కహాల్ శాతం చూపే హైడ్రోమీటర్ పెట్టి చూడండి, దానిమీద రాసిన ఉష్ణోగ్రత దగ్గరే. కొంచెం తగ్గితే 95 శాతంది కలిపి సరిచేయొచ్చు. బాగా పడిపోతే మాత్రం దశలవారీగా పెంచాలి, ఒక్కసారే పెంచితే మెత్తటి జీవులు ముడుచుకుపోతాయి. సముద్ర దోసకాయలకైతే ఆమ్లత్వం కూడా చూడండి. వాటి చర్మంలో సన్నటి సున్నపు ముక్కలుంటాయి. ఆమ్లానికి అవి కరిగాయా, ఇక జాతిని తేల్చడం గగనమే.

అసలు దొంగ చాలాసార్లు మూతే. రబ్బరు వాషర్ పగిలిందేమో వేలితో తడిమి చూసి మార్చేయండి.

ఇంకోటి, లోపలి పాత చీటీ అక్షరాలు వెలిసిపోయినా పారేయకండి. కొత్తది పెన్సిల్‌తో రాసి దాని పక్కనే వేయండి. బాల్‌పెన్‌తో రాస్తే ఆల్కహాల్‌లో సిరా కరిగి పోతుంది.