ల్యాబ్‌లో తొలి నెల – 3వ పాఠం: బొటనవేలికి ఓనమాలు

ముందు పోయినసారి ఇచ్చిన లెక్క తేల్చేద్దాం. 50 ఎక్స్ టీఏఈ బఫర్ (డీఎన్ఏను జెల్‌లో నడిపించేటప్పుడు వాడే ద్రావణం; 50 ఎక్స్ అంటే వాడే దానికంటే 50 రెట్లు చిక్కటి స్టాక్) ఉంది, దాంతో 1 ఎక్స్ బఫర్ 500 మిల్లీలీటర్లు కలపాలి. 500ని 50తో భాగిస్తే 10. అంటే స్టాక్ 10 మిల్లీలీటర్లు, నీళ్లు 490. నీళ్లు 500 అని రాసినవాళ్లు కంగారు పడకండి, మొదటిసారి నేనూ అదే రాశాను. మనకు కావలసింది మొత్తం 500. స్టాక్ కూడా అందులోనే ఉండాలి.

ఇక ఈ పాఠం మైక్రోపిపెట్ గురించి, అంటే బొటనవేలితో బటన్ నొక్కి అతి కొద్ది ద్రవాన్ని కొలిచి తీసే పరికరం గురించి. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో టైట్రేషన్ కోసం గాజు పిపెట్‌ని నోటితో పీల్చి, ద్రవం నోట్లోకి వచ్చేసి వాష్ బేసిన్ దగ్గరికి పరిగెత్తినవాళ్లకు దీని విలువ చెప్పక్కర్లేదు. ఒకప్పుడు బయాలజీ ల్యాబుల్లోనూ అదే పద్ధతి. 1957లో జర్మనీలోని మార్‌బుర్గ్ యూనివర్సిటీలో హైన్‌రిష్ ష్నిట్గర్ అనే పరిశోధకుడు ఆ పీల్చుడుతో విసిగిపోయి, స్ప్రింగు, పిస్టన్ పెట్టి సొంతంగా ఒక పరికరం చేసుకున్నాడు. ఇప్పుడు మన బెంచీల మీద ఉన్నవన్నీ దాని సంతానమే.

చాలా ల్యాబుల్లో మూడు పిపెట్లు పక్కపక్కనే వేలాడుతుంటాయి. పి-20తో 2 నుంచి 20 మైక్రోలీటర్లు, పి-200తో 20 నుంచి 200, పి-1000తో దాదాపు 100 నుంచి 1000 వరకు తీయొచ్చు. మైక్రోలీటరు అంటే మిల్లీలీటరులో వెయ్యో వంతు. డ్రాపర్‌తో వేసే ఒక నీటి చుక్కే సుమారు 50 మైక్రోలీటర్లు ఉంటుంది. ల్యాబ్‌లో మనకు పని పడేది అందులో పదో వంతుతో.

అసలు చిక్కు పిపెట్ మీది చిన్న కిటికీతో. బాగా వాడకంలో ఉన్న రకంలో అందులో మూడు అంకెలు నిలువుగా కనిపిస్తాయి. మూడు పిపెట్లలోనూ 100 అని ఉందనుకోండి. పి-20లో అది 10 మైక్రోలీటర్లు, ఎందుకంటే కింది అంకె దశాంశం. పి-200లో అది 100. పి-1000లో అది 1000. అంకెలు అవే, ద్రవం మాత్రం పది రెట్లు, వంద రెట్లు మారిపోతుంది. కొన్ని కంపెనీల పిపెట్లలో చుక్క పెట్టి స్పష్టంగా చూపిస్తారు. మీ ల్యాబ్‌లో ఏ రకం ఉందో మొదటి రోజే అడిగి తెలుసుకోండి. అడగడానికి మొహమాటపడితే ఏమవుతుందో నా కథే చెబుతాను.

హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో ఇంటర్న్‌గా చేరిన రెండో వారం. మా సీనియర్ అక్క పీహెచ్‌డీ నాలుగో ఏడు. బ్యాక్టీరియా నుంచి ప్లాస్మిడ్ (బ్యాక్టీరియాలో విడిగా ఉండే చిన్న ఉంగరంలాంటి డీఎన్ఏ) తీసి నా చేతికిచ్చింది. ట్యూబులో 40 మైక్రోలీటర్ల చిల్లర ఉంది. దాంట్లోంచి 5 తీసి, ఎంజైమ్‌తో డీఎన్ఏను కోసే రియాక్షన్‌లో వేయాలి, రియాక్షన్ మొత్తం 20. పి-20లో 5 అంటే కిటికీలో 050 ఉండాలి. నేను 050 పెట్టాను కూడా. కాకపోతే పి-200లో పెట్టాను. పిపెట్ కొనకు తగిలించే పసుపు ప్లాస్టిక్ టిప్పు ఆ రెండింటికీ సరిపోతుంది కాబట్టి అక్కడా అనుమానం రాలేదు. వదలగానే ట్యూబు అడుగున గాలి బుడగ చప్పుడైంది. ఆ చప్పుడు నాకు వినిపించింది. విని కూడా, తీసిందంతా తీసుకెళ్లి రియాక్షన్ ట్యూబులో పోశాను.

అక్క వచ్చి ట్యూబు వెలుతురుకి ఎత్తి చూసింది. "ఏరా, 20 మైక్రోలీటర్ల రియాక్షన్‌లో ఇంత ఎక్కడిది?" అంది. నా దగ్గర జవాబు లేదు. అదృష్టం ఏంటంటే ఎంజైమ్ ఇంకా వేయలేదు. ముందు నీళ్లు, తర్వాత బఫర్, తర్వాత డీఎన్ఏ, ఆఖరున ఎంజైమ్ అని వరస పెట్టేది ఇందుకు కూడా. డీఎన్ఏ ఇంకా తెగలేదు కాబట్టి అక్క దాన్ని మళ్లీ కాలమ్‌లో (డీఎన్ఏను పట్టి ఉంచే చిన్న వడపోత గొట్టంలో) శుభ్రం చేసి చాలావరకు కాపాడింది. ఆ సాయంత్రం క్యాంటీన్‌లో నాకు టీ కూడా తనే ఇప్పించింది. నాకు తిట్టు కంటే అదే ఎక్కువ గుచ్చుకుంది.

అందుకే నా అలవాటు ఇది: పిపెట్ స్టాండ్ నుంచి తీయగానే ముందు పేరు, తర్వాత అంకె, రెండూ పైకే చదువుతాను. పక్కవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి.

ఇప్పుడు బొటనవేలి పని. పైనున్న బటన్ నొక్కితే ఒకచోట ఆగుతుంది. అది మొదటి మెట్టు. ఇంకాస్త గట్టిగా నొక్కితే మరింత కిందికి దిగుతుంది, అది రెండో మెట్టు. మొదటి మెట్టు వరకు నొక్కి, ఆ తర్వాత టిప్పును ద్రవంలో రెండు మూడు మిల్లీమీటర్లు ముంచండి. నొక్కాక ముంచాలి, ముంచాక నొక్కితే బుడగలు వస్తాయి. వేలు మెల్లగా వదలండి. ఒక సెకను ఆగి పైకి తీయండి. పోసేటప్పుడు టిప్పును ట్యూబు గోడకు ఆనించి మొదటి మెట్టు వరకు నొక్కండి, కాస్త ఆగండి, మిగిలిన చుక్క కోసం రెండో మెట్టు వరకు నొక్కండి. నొక్కి ఉంచే బయటికి తీయాలి. లోపలే వేలు వదిలేస్తే పోసింది మళ్లీ పైకి లాగేస్తుంది. కొత్తవాళ్లలో ఎక్కువమంది చేసే తప్పు, తీసేటప్పుడే రెండో మెట్టు దాకా వెళ్లడం. ప్రతిసారీ ఎక్కువ వస్తుంది, ఎందుకో అర్థం కాదు.

ఎంజైములది ఇంకో పేచీ. మైనస్ 20 డిగ్రీల్లో గడ్డకట్టకుండా వాటిని సగం గ్లిజరాల్‌లో ఉంచుతారు. గ్లిజరాల్ తేనెలా చిక్కగా ఉంటుంది. టిప్పు లోతుగా ముంచితే లోపలికి వచ్చింది కాక బయట కూడా అంటుకుని వస్తుంది. కొనను పైపైన తాకించి, తొందరపడకుండా తీయండి. ఖరీదైన ఎంజైము టిప్పు బయట గోడకు అంటుకుని డస్ట్‌బిన్‌లోకి పోవడం నేను చాలాసార్లు చూశాను.

మీ చెయ్యి కుదిరిందో లేదో తెలియాలంటే తూకం వేయాలి. నీళ్లు మైక్రోలీటరుకు దాదాపు మిల్లీగ్రాము. 25 డిగ్రీల గదిలో 200 మైక్రోలీటర్ల నీళ్లు 199 మిల్లీగ్రాముల చుట్టూ తూగుతాయి. ఖాళీ ట్యూబును త్రాసులో పెట్టి సున్నా చేసి, 200 పోసి రాసుకోండి. మళ్లీ సున్నా చేసి మళ్లీ పోయండి. అలా పదిసార్లు. ముందుగా ఒకట్రెండు సార్లు నీళ్లు తీసి వదిలి టిప్పు తడిపితే మంచిది, పొడి టిప్పుతో మొదటిసారి కాస్త తక్కువ వస్తుంది. నావి మొదటి రోజు 189, 201, 194 అలా గెంతాయి. అక్కవి పదీ 199కి ఒక మిల్లీగ్రాము అటూ ఇటూ దాటలేదు. పిపెట్ మాత్రం ఒకటే. అంకెలన్నీ ఒకే తీరుగా తక్కువొస్తే పిపెట్‌ని కాలిబ్రేషన్‌కి, అంటే కొలత సరిచేయించడానికి, పంపాలి. ఒక్కోసారి ఒక్కోలా వస్తే పంపాల్సింది పిపెట్‌ని కాదు.

మరో రెండు ముక్కలు. టిప్పులో ద్రవం ఉండగా పిపెట్‌ని బల్ల మీద పడుకోబెట్టకండి, ద్రవం లోపలికి పోయి పిస్టన్ పాడవుతుంది. కిటికీలో అంకె మార్చేటప్పుడు ఆ పిపెట్ గరిష్ఠ కొలత దాటి బలవంతంగా తిప్పకండి.

ల్యాబ్ దొరకనివాళ్లకు ఇంట్లో సాధన. మందుల షాపులో సూది లేని 1 మిల్లీలీటరు సిరంజి కొనండి. దాని మీద ఒక్కో చిన్న గీత 10 మైక్రోలీటర్లు. ముందు ఒక్క గీత నీళ్లు ప్లాస్టిక్ కవరు మీద పెట్టి చూడండి, 10 మైక్రోలీటర్లంటే ఎంతో కంటికి తెలుస్తుంది. తర్వాత ఐదు చిన్న గిన్నెల్లో 900 మైక్రోలీటర్ల చొప్పున నీళ్లు పోసి, మొదటి దాంట్లో 100 మిఠాయి రంగు కలపండి. దాంట్లోంచి 100 తీసి రెండో దాంట్లో, దాంట్లోంచి 100 తీసి మూడో దాంట్లో, అలా ఐదో దాని వరకు. ప్రతిసారీ బాగా కలిపాకే తీయాలి. రంగు ఎన్నో గిన్నెలో మీ కంటికి అందకుండా పోయిందో రాసుకోండి.

ఐదో గిన్నెలో రంగు లక్ష రెట్లు పలచనవ్వాలి. రెండో మెట్టు దాకా నొక్కే అలవాటున్నవాళ్లు ప్రతిసారీ 100 బదులు 110 తీశారనుకుందాం. అప్పుడు ఐదో గిన్నెలో ఎన్ని రెట్లు పలచనవుతుంది? కాగితం మీద చేసి ఉంచుకోండి. జవాబుతో మొదలుపెట్టి 4వ పాఠంలో జెల్ లోడింగ్‌లోకి, అంటే జెల్ గుంటల్లో డీఎన్ఏ పోయడంలోకి, వెళ్దాం.