పత్తి సీజన్‌కు ముందు డ్రైవ్ ఆన్ చేస్తున్నారా?

దసరా దగ్గరపడితే ఎనుమాముల, జమ్మికుంట మార్కెట్ల దారుల్లో పత్తి బండ్లు మొదలవుతాయి. వానాకాలమంతా ఆగి ఉన్న జిన్నింగ్ మిల్లు (పత్తి నుంచి గింజలు వేరుచేసే మిల్లు) మోటార్లను అప్పుడే తిప్పాలి. కొబ్బరికాయ కొట్టే టైమ్ దాటిపోతుందని ఓనరు టెన్షన్ పెడతాడు. నేను చూసినంతలో డ్రైవ్‌లు, అంటే మోటారు స్పీడును మార్చే వీఎఫ్‌డీ పెట్టెలు, పేలేది ఆ తొందరలోనే.

మెయిన్ ఆఫ్ చేసినా డ్రైవ్ చచ్చిపోదు. 415 వోల్టుల సప్లై లోపల డీసీగా మారి, దాదాపు 580 వోల్టులు కెపాసిటర్లలో నిలిచి ఉంటాయి. మూత మీద రాసినంత సేపు ఆగాలి, చాలావాటికి అది 5 నుంచి 10 నిమిషాలు. డిస్‌ప్లే ఆరింది కదా అని చెయ్యి పెట్టొద్దు. డీసీ ప్లస్, మైనస్ మధ్య మీటరు పెట్టి చూడండి. జేబులోని టెస్టర్‌ను నమ్మొద్దు.

సప్లై ఆర్, ఎస్, టీ లకు. మోటారు యూ, వీ, డబ్ల్యూ లకు. ఇది తెలియని ఎలక్ట్రీషియన్ ఉండడు. అయినా ఒక రాత్రి సెల్‌ఫోన్ లైటులో నేనే తారుమారు చేశాను. మెయిన్ వేయగానే ఢాం! ఇప్పుడు కేబుల్ కొనలకు రంగు టేపు చుట్టనిదే బోల్టు బిగించను.

చెమ్మ పట్టిన మోటారుకు మెగ్గర్ (ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటరు) పెట్టాల్సిందే. కానీ ముందు డ్రైవ్ నుంచి మోటారు తీగలు విప్పేయాలి, లేకపోతే మెగ్గర్ పంపే 500 వోల్టులకు డ్రైవే పోతుంది. ఒక మెగాఓమ్ కూడా చూపించకపోతే మోటారు ఆరబెట్టండి, ముహూర్తం ఆగుతుంది. పాత స్టార్-డెల్టా స్టార్టర్‌నూ, పవర్ ఫ్యాక్టర్ కెపాసిటర్లనూ డ్రైవ్‌కూ మోటారుకూ మధ్య ఉంచొద్దు. డ్రైవ్‌కు, మోటారు బాడీకి ఎర్తింగ్ గట్టిగా ఉందో లేదో లాగి చూడండి. ఫ్యాన్‌లో ఇరుక్కున్న దూది తీయండి.

నేమ్‌ప్లేట్‌లోని ఆంపియర్లు, వోల్టులు, ఆర్‌పీఎం డ్రైవ్‌లో ఎక్కించాక బెల్టులు తీసి, 5 హెర్ట్జ్ దగ్గర తిప్పి చూడండి. ఉల్టా తిరిగితే మోటారు వైపు రెండు తీగలు మార్చాలి. సప్లై వైపు మారిస్తే ఏమీ మారదు. చాలాసేపు తక్కువ స్పీడులో నడిపితే మోటారు ఫ్యాన్ కూడా నెమ్మదిస్తుంది, వేడెక్కుతుంది.

కరెంటు పోయి వస్తే మోటారు దానంతటదే తిరిగే ఆటో రీస్టార్ట్‌ను ఆఫ్‌లో పెట్టండి. జిన్నింగ్ మిషన్‌లో ఇరుక్కున్న పత్తి తీసేటప్పుడు స్టాప్ బటన్ చాలదు. మెయిన్ ఆఫ్ చేసి, తాళం వేసి, చెయ్యి పెట్టేవాడి జేబులోనే తాళంచెవి ఉండాలి.